నాయన హార్మోనీ ఉన్న పాత ప్లేయరు, దాని బదులు కొనే కొత్తది

పాఠకుడి ఉత్తరం:

“అన్నా, మాది నెల్లూరు జిల్లా విడవలూరు పక్కన ఒక పల్లె. పేరు వేయద్దు. నాలుగెకరాల రొయ్యల గుంటలు కౌలుకు చేస్తన్నా. రాత్రిళ్లు కట్ట మీద కాపలా నేనే. పన్నెండేళ్ల కిందట ఒంగోల్లో కొన్న చిన్న ఎంపీ3 ప్లేయరు ఇన్నాళ్లూ నాకు తోడు ఉండింది. పోయిన నెల దాని వెనక మూత పైకి లేచింది. ఇప్పుడు ఆన్ కావడం లేదు. 8 జీబీ లోపలే ఉంది, కార్డు వేసే చోటు లేదు. సినిమా పాటలు పోతే పోయినయ్, ఏడన్నా దొరుకుతాయి. మా నాయన నాటకాలకు హార్మోనీ వాయించేవాడు. ఆయన క్యాసెట్లు రెండు అందులోకి ఎక్కించుకున్నా. క్యాసెట్లేమో వానకు తడిసి పోయినయ్. నాయన పోయి ఆరేళ్లు. కొత్త ప్లేయరు కొందామంటే మా బావమరిది సెకండ్‌హ్యాండ్ ఐపాడ్ ఇప్పిస్తానంటున్నాడు. మా పిల్లోడు ఫోన్లోనే వినొచ్చు కదా అంటాడు. నెల్లూర్లో మూడొందలకు కూడా ప్లేయర్లు ఉన్నాయంట. మూడు వేల దాకా పెట్టుకోగలను. ఏది కొనేది చెప్పండన్నా.”

సమాధానం:

తమ్ముడూ,

కొత్తదాని సంగతి తర్వాత చెప్తాను. ముందు పాతది ఎక్కడ పెట్టావో చూసుకో. చార్జింగ్‌కి పెట్టి ఉంటే ఇప్పుడే పీకెయ్. వెనక మూత లేచిందంటే లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అది లిథియం బ్యాటరీ. పాతబడ్డాక లోపల గ్యాసు పుట్టి, పైనుండే పలుచని కవరు బుడగలాగా లేస్తుంది. మూతను నొక్కి మూయాలని చూడొద్దు. సందులో స్క్రూడ్రైవరు పెట్టి తెరవొద్దు. కవరుకు చిల్లి పడితే మంట లేవొచ్చు. “ఒక్కసారి చార్జింగ్ పెట్టి చూద్దాం, ఆన్ అవుద్దేమో” అని నీ మనసు లాగుతుంటుంది. నాయన వాయించిన హార్మోనీ అందులో ఉన్నప్పుడు ఎవరికైనా లాగుతుంది. ఆ ఒక్కసారి కూడా వద్దు. స్టీలు డబ్బాలో పెట్టి, ఇంట్లో చల్లగా ఉండే చోట ఉంచు. గుంటల కాడ షెడ్డులో, మేత బస్తాల పక్కన, డీజిలు క్యాను పక్కన వద్దు.

బ్యాటరీ పోతే పాటలు పోయినట్టు కాదు. పాటలుండేది బోర్డు మీద అతికిన చిప్పులో. బ్యాటరీ ఉబ్బినా అది చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటుంది. కావలిలో నా రిపేరు బల్ల మీదికి ఇలాంటివి ఎన్నో వచ్చాయి కాబట్టి చెప్తున్నాను. చేసే పని కూడా పెద్దదేం కాదు. మూత మెల్లగా తీసి, బ్యాటరీ వైర్లు ఒకదాని తర్వాత ఒకటి కత్తిరించాలి. రెండింటి మీదా ఒకేసారి కట్టరు పడితే అక్కడే షార్టు. తర్వాత అదే 3.7 వోల్టుల మంచి బ్యాటరీ ఒకటి తాత్కాలికంగా కట్టి, కంప్యూటరుకు కేబులు పెట్టాలి. ఇలాంటి ప్లేయర్లు చాలావరకు పెన్‌డ్రైవ్ లాగే తెరుచుకుంటాయి. తెరుచుకోకపోతే నేను మొదట చూసేది చార్జింగ్ పిన్ను. మీ సముద్రపు గాలికి దాని లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. దాన్ని ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) వేసి మెత్తని బ్రష్షుతో తోమితే కొన్నిసార్లు అంతటితోనే పని అయిపోతుంది.

రిపేరు షాపుకు ఇచ్చేటప్పుడు ఎదురుగా నిలబడి రెండు మాటలు చెప్పు. కంప్యూటరుకు పెట్టగానే “ఫార్మాట్ చేయాలా” అని అడిగితే ఒప్పుకోవద్దని చెప్పు. “సాఫ్ట్‌వేర్ కొడితే ఆన్ అవుద్ది” అంటే, ఆన్ కాకపోయినా పర్వాలేదు, సాఫ్ట్‌వేర్ కొట్టొద్దని చెప్పు. సాఫ్ట్‌వేర్ కొడితే ప్లేయరు బతకొచ్చు, లోపల పాటలు తుడిచిపెట్టుకుపోతాయి. షాపులో కుర్రాడికి ప్లేయరు పనిచేస్తే చాలు. నీకు కావాల్సింది ప్లేయరు కాదు, అందులోని ఫైళ్లు. ఆ తేడా నువ్వు నోరు తెరిచి చెప్పకపోతే వాడికి తెలియదు. పంట అయ్యాక చూసుకుందాంలే అని అలమరాలో పెట్టేయకు. ఫ్లాష్ చిప్పులో ఉన్నది రాయి మీద చెక్కింది కాదు, కరెంటు తగలకుండా ఏళ్లు గడిస్తే, అదీ మన ఎండల్లో, మెల్లగా చెదిరిపోతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేను ఒకసారి పోగొట్టుకున్నాను. మా చెల్లెలి పెళ్లిలో మా అమ్మ పాడిన మంగళహారతులు, అప్పగింతల పాటలు ఒక మెమరీ కార్డులో పెట్టుకున్నా. కార్డు మీద 64 జీబీ అని అచ్చేసి ఉంది. రోడ్డు పక్క షాపులో సగం ధరకు ఇచ్చారు. నిజానికి అది 8 జీబీ కార్డు. లోపల లెక్క మార్చి, కంప్యూటరుకు 64 అని అబద్ధం చెప్పేలా చేసి అమ్ముతారు. మొదటి 8 జీబీ నిండేదాకా అంతా బాగానే ఉంది. ఆ తర్వాత వేసినవన్నీ గాల్లో కలిసిపోయాయి. ఫైళ్ల పేర్లు వరసగా కనపడతాయి, పక్కన నిమిషాలు కూడా కనపడతాయి, నొక్కితే చప్పుడు ఉండదు. అమ్మ గొంతులో నాకు మిగిలింది ఒక్క హారతి. రెండున్నర నిమిషాలు.

అందుకే ఫైళ్లు బయటికి రాగానే మూడు చోట్ల పెట్టు. ఒకటి ఇంట్లో కంప్యూటరులోనో పెన్‌డ్రైవ్‌లోనో. ఇంకొకటి ఇంకో ఊళ్లో, అక్క ఇంట్లోనో చెల్లెలి ఇంట్లోనో. మూడోది మీ పిల్లోడి చేత గూగుల్ డ్రైవ్‌లో వేయించు. రెండు క్యాసెట్లంటే మహా అయితే రెండు మూడు గంటలు. ఎంపీ3లో మామూలు 128 కేబీపీఎస్ నాణ్యత లెక్కన నిమిషానికి సుమారు ఒక ఎంబీ, అంటే మొత్తం 200 ఎంబీకి అటూ ఇటూ. ఉచితంగా ఇచ్చే చోటులోనే ఇమిడిపోతుంది. వాటిని “క్వాలిటీ పెంచుతాం” అని ఎవరన్నా వేరే ఫార్మాట్లోకి మారిస్తే ఒప్పుకోకు. ఎంపీ3ని ఫ్లాక్ అనే నాణ్యత తగ్గని ఫార్మాట్లోకి మార్చినంత మాత్రాన పోయిన శబ్దం తిరిగిరాదు. ఎంపీ3ని మళ్లీ ఎంపీ3 చేస్తే ఇంకొంచెం పోతుంది. బయటికొచ్చిన ఫైలు ఎలా ఉందో అలాగే దాచిపెట్టు. గరగర తీయడాలు, సౌండు పెంచడాలు కాపీ మీద చేసుకో.

ఇక కొత్తది. కొనే ముందు నీ కట్ట మీద రాత్రి ఎట్టా ఉంటుందో నేను ఊహించుకుంటున్నాను. చేతులు ఎప్పుడూ తడి. మేత చల్లి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే లేపి చూసి వచ్చిన చేత్తోనే పాట మార్చాలి. చుట్టూ నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల హోరు. గాలిలో ఉప్పు. సిగ్నలు ఒక చోట ఉంటే ఇంకో చోట ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, చెవి ఒకటి ఎప్పుడూ ఏరియేటరు మీదే ఉండాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకు కరెంటు పోతే జనరేటరు వేయడానికి నీకు ఎంత టైముంటుందో నాకన్నా నీకే బాగా తెలుసు. కాబట్టి రెండు చెవులూ మూసేసి గొప్పగా పాడే ప్లేయరు, ఎంత ఖరీదుదైనా, నీకు పనికిరాదు. నీకు కావాల్సింది బటన్లుండేది, బయటికి పాడే చిన్న స్పీకరుండేది, కార్డు పడేది, బ్యాటరీ చేత్తో ఊడదీసి మార్చుకోగలిగేది.

ఈ చివరిదాన్ని మళ్లీ చెప్తాను. నీ పాత ప్లేయరు పాట పాడటం మరిచిపోలేదు. లోపల అతికేసిన బ్యాటరీ చచ్చిపోయి దాన్ని కూడా చంపింది. అంతే. బ్యాటరీ ఊడొచ్చేదయితే రెండు మూడొందలు పెట్టి కొత్తది వేసుకునేవాడివి. పాటలు కార్డులో ఉండి ఉంటే ప్లేయరు పోయినా కార్డు తీసి ఇంకోదాంట్లో పెట్టుకునేవాడివి. ఈసారి ఆ రెండూ నీ చేతిలో ఉండాలి.

ఐపాడ్ అంటే నాకూ ఇష్టమే. 2001 అక్టోబరులో మొదటిది వచ్చినప్పుడు అందులో 5 జీబీ. ఆ తర్వాత 160 జీబీ దాకా వెళ్లింది. చక్రం మీద బొటనవేలు తిప్పుతుంటే చూడకుండానే పాట దొరుకుతుంది, అంత బాగా చేశారు. కానీ ఆ క్లాసిక్ మోడలు తయారీ 2014లో ఆగింది. నానో, షఫుల్ 2017లో ఆగాయి. చివరికి మిగిలిన టచ్‌ను కూడా 2022 మే నెలలో ఆపేశారు. అంటే మీ బావమరిది ఎంత మంచిది వెతికి తెచ్చినా లోపల బ్యాటరీకి ఏళ్లు నిండి ఉంటాయి, అదీ అతికించిన బ్యాటరీయే. క్లాసిక్ లోపల తిరిగే హార్డ్ డిస్కు ఉంటుంది. దాన్ని జేబులో వేసుకుని కట్ట మీద బండి నడిపితే ఎన్నాళ్లు ఉంటుంది? పాటలు కూడా ఫోల్డరు లాగి పడేస్తే ఎక్కవు. కంప్యూటరులో ఐట్యూన్స్ పెట్టి దాని పద్ధతిలో ఎక్కించాలి. ఇంట్లో కూర్చుని ముద్దుగా వాడుకునేవాళ్లకు అది సరే. నీకు వద్దు. బావమరిదికి నా మాటగా చెప్పు, బాధపడడు.

మూడొందల ప్లేయరు సంగతి తొందరగా చెప్పేస్తాను. దాంట్లో కూడా బ్యాటరీ అతికించిందే, చాలా చిన్నది. స్క్రీను లేనిదయితే ఏ పాట ఎక్కడుందో తెలియదు. మన ఉప్పు గాలికి బటన్ కింది రేకు ఒక వానాకాలం కూడా ఆగదు. వద్దు.

మీ పిల్లోడి మాటలో న్యాయముంది. ఫోన్లో తెలుగు అక్షరాలు చక్కగా కనపడతాయి. వీఎల్‌సీ అనే యాప్ దాదాపు ఏ ఫార్మాట్ అయినా పాడుతుంది, డబ్బులు అడగదు, నెట్టు అడగదు. గంట నిడివి నాటకం మధ్యలో ఆపినా ఆపిన చోటు గుర్తుంచుకునేలా పెట్టుకోవచ్చు. ఇంట్లో పాత టచ్ ఫోను ఏదన్నా మూలన పడి ఉంటే, దాంట్లో ఇయర్‌ఫోన్ జాక్ ఉండి, కార్డు పడేదయితే, సిమ్ము తీసేసి ప్లేయరుగా వాడుకోవచ్చు. రూపాయి ఖర్చు లేదు. కానీ నువ్వు రోజూ మాట్లాడే ఫోన్లో మాత్రం రాత్రంతా పాటలు పెట్టొద్దు. తెల్లారగట్ల నాలుగింటికి లైన్‌మన్‌కి ఫోను చేయాల్సి వచ్చినప్పుడు చార్జింగ్ రెండు శాతం ఉంటే ఏం చేస్తావు? పైగా తడి వేళ్లకు టచ్ సరిగా పలకదు. నువ్వు నొక్కింది ఒకటైతే అది పాడేది ఇంకొకటి. నెట్టులో పాటలు వినే యాప్‌లంటావా, సిగ్నలు లేని కట్ట మీద వాటిని నమ్ముకోలేం. ముందే దించుకున్న పాటలు కూడా నెలచందా ఆపేస్తే తెరుచుకోవు.

కాబట్టి నా సలహా, బటన్ ఫోను కొను. ఆశ్చర్యపోకు. పాటల ప్లేయరు అడిగితే ఫోను చెప్తున్నాడేంటి అనుకుంటావేమో, నీకు కావాల్సిన నాలుగూ అందులోనే ఉన్నాయి. నోకియా 110, నోకియా 5310 లాంటి వాటిలో 32 జీబీ దాకా కార్డు పడుతుంది, మామూలు ఇయర్‌ఫోన్ జాక్ ఉంది, ఎఫ్ఎం ఉంది, వెనక మూత గోటితో తీసి బ్యాటరీ మార్చుకోవచ్చు. 5310లో పాట ఆపడానికి, మార్చడానికి పక్కన వేరే బటన్లే పెట్టారు, చీకట్లో తడుముకోనక్కర్లేదు. నీ మూడు వేల చుట్టుపక్కలే అవుతుంది. కొనేటప్పుడు షాపులోనే కార్డు వేయించి, ఒక పాట పెట్టించి, కాస్త గోల ఉన్న చోట స్పీకరు విని చూడు. వానలో తడిసే వస్తువు కాదది, జిప్పు కవరులో పెట్టుకో. కవరు మీదనుంచే బటన్లు నొక్కొచ్చు. టచ్ స్క్రీనుకు లేని సుఖం ఇదే. అందులో రెండో సిమ్ము ఒకటి పడేస్తే అసలు ఫోను నీళ్లలో పడిన రోజు లైన్‌మన్‌ను పిలవడానికి కూడా పనికొస్తుంది.

సోనీ ఇప్పటికీ వాక్‌మన్ పేరుతో డిజిటల్ ప్లేయర్లు చేస్తోంది. ఫియో, హైబీ అనే చైనా కంపెనీలవి కూడా మంచివి ఉన్నాయి. అవి నిశ్శబ్దంగా ఉండే గదిలో, మంచి హెడ్‌ఫోన్సుతో, సీడీ నాణ్యత పాటలు వినేవాళ్ల కోసం. సీడీ నాణ్యతంటే నిమిషానికి పది ఎంబీ. ఏరియేటరు హోరులో ఆ తేడా ఎవరి చెవికీ అందదు. ఈ ఉత్తరం చదివేవాళ్లలో అలా ఇంట్లో కూర్చుని వినేవాళ్లుంటే వాళ్లకు అవి తగిన వస్తువులే. ఇంట్లో మీ అమ్మ కోసమయితే సారెగమ కారవాన్ లాంటి పెట్టె బాగుంటుంది. పాత పాటలు అందులోనే ఉంటాయి, పెన్‌డ్రైవ్ కూడా పడుతుంది కాబట్టి నాయన హార్మోనీ ఆమె కూడా వినొచ్చు. డబ్బులు చేతిలో ఆడినప్పుడు చూసుకో, ఇప్పుడు కాదు.

కార్డు విషయంలో నాలా చేయకు. 32 జీబీ కార్డే కొను. 64, 128 కార్డులు వేరే పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి, బటన్ ఫోన్లు చాలావరకు వాటిని చదవవు. తక్కువేమో అని దిగులు పడొద్దు. పాట నాలుగు ఎంబీ వేసుకున్నా ఏడు వేల పైచిలుకు పాటలు పడతాయి. రాత్రికి ఎనిమిది గంటలు పాడినా ఒక్క పాట తిరిగి రాకుండా దాదాపు రెండు నెలలు వస్తాయి, వనామీ రొయ్యల పంటలో సగం కాలం. బిల్లు ఇచ్చే షాపులో కొను. శాన్‌డిస్క్, శామ్‌సంగ్ అని అచ్చేసిన దొంగ కార్డులు కూడా ఉన్నాయి, పేరు చూసి ధైర్యపడొద్దు. కొన్న రోజే మీ పిల్లోడి చేత కంప్యూటరులో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాం పెట్టించు. ఊరికే దొరుకుతుంది. అది కార్డును అంచుదాకా నింపి, నింపింది మళ్లీ చదివి, ఎంత నిజమో చెప్తుంది. కొంతసేపు పడుతుంది, పట్టనీ. లెక్క తప్పితే ఆ రోజే షాపుకు వెనక్కి ఇచ్చేయ్.

పాటలు ఎక్కించేటప్పుడు ఒక్క ఫోల్డరులో వేలు వేలు గుమ్మరించకు. బటన్ ఫోను తడబడుతుంది. మన బాలుగారివి ఒకటి, ఘంటసాలవి ఒకటి, నాయనవి ఒకటి అని వేరువేరు ఫోల్డర్లు పెట్టు. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి ముందు 01, 02 అని అంకెలు వెయ్. తెలుగులో రాస్తే కొన్ని చిన్న సెట్లలో అక్షరాల బదులు డబ్బాలు కనపడతాయి. కొన్ని సెట్లు పేరు వరసలో కాకుండా నువ్వు కార్డులోకి వేసిన వరసలో పాడతాయి. నాటకం సీన్లు తారుమారు కాకూడదంటే ఫైళ్లు ఒకటొకటిగా, వరసగా కాపీ చెయ్.

వినేటప్పుడు ఒక్క చెవికే పెట్టుకో. ఇక్కడ ఒక చిక్కుంది. క్యాసెట్లను కంప్యూటరుకు ఎక్కించేటప్పుడు మామూలుగా జరిగే పొరపాటు, శబ్దం ఎడమ వైపే పడటం. అలాంటి ఫైలు కుడి చెవికి పెట్టుకుంటే ఏమీ వినపడదు. నాయన పాటలు పోయాయని గుండె ఆగినంత పనవుతుంది. కంగారు పడకుండా రెండో వైపు పెట్టి చూడు, లేదా స్పీకరులో పెట్టు. కాపీ ఫైలును ఆడాసిటీ అనే ప్రోగ్రాంలో రెండు వైపులా పలికేలా చేయించుకోవచ్చు, పది నిమిషాల పని. హోరును మించి సౌండు పెంచొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ మోత అయితే వారానికి 40 గంటలు మించి వినకూడదు. నువ్వు కట్ట మీద వారానికి 50 గంటల పైనే ఉంటావు, ఏరియేటర్ల మోతే అందులో ఒక భాగం. ఏరియేటర్లకు కాస్త దూరంగా, షెడ్డులో వినే అలవాటు చేసుకో.

పాత ప్లేయరును రిపేరుకు తీసుకుపోయేటప్పుడు బండి డిక్కీలో ఎండకు పెట్టకు, చేతి సంచిలో పెట్టుకుని పొద్దున్నే బయల్దేరు. నెల్లూర్లో కుదరకపోతే కావలి తీసుకురా, నేను చూస్తాను. ఉబ్బిన బ్యాటరీని చెత్తలో వేయకుండా షాపులోనే అప్పగించు.

ఇంకొక పని ఉంది, అది ఏ షాపులోనూ కాదు. ఫైళ్లు చేతికొచ్చిన రోజు సాయంత్రం మీ అమ్మ పక్కన కూర్చుని స్పీకరులో పెట్టు. ఆ హార్మోనీకి పద్యం పాడుతున్నది ఎవరు, ఏ ఊళ్లో ఆడారు, ఏ పండక్కి, మధ్యలో ఈల వేసింది ఎవరు, ఒన్స్‌మోర్ అంటే నాయన మళ్లీ ఎత్తుకున్న రాగం ఏది, ఆమెకు గుర్తున్నంతా ఒక నోటుబుక్కులో రాసుకో. ఆ పేర్లు చిప్పులో లేవు.